మదర్‌బోర్డు మీద ఏ వైరు ఎక్కడ పెట్టాలి: పదే పదే వచ్చే డౌట్లు

సొంతంగా పీసీ బిగించుకుందాం అనుకున్న ప్రతివాడూ రాత్రి పదిన్నరకి నాకో ఫొటో పంపుతాడు, ఫ్లాష్ వేసి తీసింది, సగం బ్లర్, కింద "అన్నా ఈ వైరు ఎక్కడికి" అని. ఒకే ఆన్సర్ ముప్పైసార్లు టైప్ చేసి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గమనించా. అందరూ పవర్ బటన్ దగ్గరి సన్న వైర్లు చూసి వణికిపోతారు, అవి తప్పు పెడితే అయ్యేది ఏమీ లేదు. పాత ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) కేబుల్ కొత్త ఎస్ఎంపీఎస్‌కి పెట్టేటప్పుడు మాత్రం ఎవ్వడూ ఒక్క క్షణం ఆగడు, నిజంగా సామాను కాలేది అక్కడే. అందుకే కుదిరిన చోటల్లా "పని చెయ్యదు అంతే" రకమా, "కాలిపోతుంది" రకమా అనేది కూడా రాశా.

## బాక్స్ విప్పగానే

పోర్టు, హెడర్, స్లాటు, సాకెట్ అన్నీ ఒకటేనా?

కాదు. క్యాబినెట్ బయట నుంచి కనిపించేవి, పెన్‌డ్రైవ్ పెట్టేవీ మానిటర్ పెట్టేవీ, పోర్టులు. బోర్డు మీద ముళ్లలాగా నిలబడి ఉండే పిన్నుల గుంపు హెడర్, క్యాబినెట్ లోపలి వైర్లు వాటికి వెళ్తాయి. పొడుగ్గా గాడిలా ఉండి కార్డు నిలువుగా దిగేది స్లాటు (ర్యామ్, గ్రాఫిక్ కార్డు). ప్రాసెసర్ కూర్చునేది సాకెట్. అన్నట్టు మనవాళ్లు మొత్తం డబ్బానే సీపీయూ అంటారు, షాపులో "సీపీయూ పోయింది" అంటే వాడు ప్రాసెసర్ అనుకుని ఇంకో రేటు చెప్తాడు, జాగ్రత్త.

బోర్డు మీద రాసిన పేర్లు అర్థం కావట్లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోటి రాస్తోందేంటి?

అవును, పని ఒకటే, పేర్లే వేరు. పవర్ బటన్ వైర్లు పెట్టేదాన్ని గిగాబైట్ ఎఫ్ ప్యానెల్ అని రాస్తే ఎంఎస్ఐ జేఎఫ్‌పీ1 అంటుంది. ముందు ఆడియో ఏసుస్‌లో ఏఏఎఫ్‌పీ, ఎంఎస్ఐలో జేఏయూడీ1, గిగాబైట్‌లో ఎఫ్ ఆడియో. బయోస్ (ఆన్ చెయ్యగానే నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) రీసెట్ పిన్నులు ఏసుస్‌లో సీఎల్ఆర్‌టీసీ, ఎంఎస్ఐలో జేబ్యాట్1. ఎంఎస్ఐ పేర్లలో ముందున్న జే ని పక్కన పెట్టి చదివితే చాలావరకు అర్థం తెలిసిపోతుంది. మాన్యువల్‌లో బోర్డు బొమ్మ ఉంటుంది, ఫోన్‌లో ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ బోర్డు అయితే మోడల్ నంబరు బోర్డు మీదే పెద్దక్షరాల్లో అచ్చేసి ఉంటుంది, దాంతో వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది.

ఒక వైరు తప్పు చోట పెడితే బోర్డు మొత్తం కాలిపోతుందా?

చాలా వాటికి లేదు. బటన్ వైర్లు, ఎల్ఈడీ వైర్లు, ఫ్యాన్ ఏ ఫ్యాన్ హెడర్‌కి పెట్టారు, సాటా కేబుల్ (డిస్కు నుంచి బోర్డుకి వచ్చే డేటా వైరు) ఏ నంబరుకి పెట్టారు, ఇవన్నీ తప్పైనా పీకి మళ్లీ పెట్టుకోవచ్చు. నిజంగా భయపడాల్సినవి నాలుగైదే: వేరే ఎస్ఎంపీఎస్ కేబుళ్లు కలపడం, 5 వోల్టుల లైటుని 12 వోల్టుల హెడర్‌కి పెట్టడం, గ్రాఫిక్ కార్డు పవర్ ప్లగ్గుని ప్రాసెసర్ పవర్ దగ్గర బలవంతంగా దించడం, బోర్డు వెనక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని క్యాబినెట్ రేకుకి తగలకుండా ఎత్తి పట్టే బుడిపె) ఉండకూడని చోట ఉండిపోవడం, ప్రాసెసర్ సాకెట్ పిన్నులు వంచడం. వీటి దగ్గర మాత్రం టీ పక్కన పెట్టి లైటు వేసుకుని చెయ్యండి.

చేతికి గ్లౌజులు, యాంటీ స్టాటిక్ బ్యాండ్ కావాలా?

ఉంటే మంచిదే, లేదని ఆగక్కర్లేదు. ఎస్ఎంపీఎస్‌ని క్యాబినెట్‌కి బిగించి, కేబుల్ గోడ ప్లగ్గులో పెట్టి, స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటూ ఉంటే ఒంట్లో ఉన్న స్టాటిక్ ఎర్త్‌కి పోతుంది. ఇదంతా ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే, ఎర్తింగ్ మీద డౌట్ ఉంటే ప్లగ్గు పీకేసే పని చెయ్యండి, క్యాబినెట్ ముట్టుకోవడం మానకండి. బోర్డుని అంచులు పట్టుకుని ఎత్తండి, కార్పెట్ మీదా దుప్పటి మీదా పెట్టకండి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టుకోవడమే బెస్ట్.

## బోర్డు ఇంకా బల్ల మీద ఉండగా

నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నాయి, నా దగ్గర రెండే స్టిక్కులు, ఎక్కడ పెట్టాలి?

ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో దాదాపు అన్నిట్లో ఏ2, బీ2 అని రాసి ఉండేవి అవే. రెండూ పక్కపక్కన పెట్టేస్తే చాలా బోర్డుల్లో సింగిల్ చానెల్‌లో (రెండు స్టిక్కులూ ఒకే దారిలో నడిచి స్పీడ్ తగ్గడం) పడిపోతుంది, పీసీ ఆన్ అవుతుంది కానీ గేముల్లో, ముఖ్యంగా గ్రాఫిక్ కార్డు లేకుండా ఆడేవాళ్లకి, తేడా బాగా తెలుస్తుంది. డీడీఆర్4కీ డీడీఆర్5కీ 288 పిన్నులే కానీ మధ్యలో గాడి చోటు వేరు, అందుకే ఒకటి ఇంకోదాంట్లో దిగదు. దిగట్లేదంటే స్టిక్కు తిప్పి చూడండి, అప్పటికీ గాడి కలవకపోతే అది ఆ బోర్డు ర్యామ్ కాదు. గాడి కలిసిందా, ఇక భయపడకుండా రెండు చివర్లా గట్టిగా నొక్కండి, టక్ మనాలి, సగం దిగి ఆగిపోయిన ర్యామ్ వల్ల వచ్చిన "డిస్‌ప్లే రావట్లేదు" ఫోన్లు నాకు లెక్కలేనన్ని.

ఎం.2 స్లాటులో ఏ ఎస్ఎస్‌డీ అయినా పనిచేస్తుందా?

అన్నీ చెయ్యవు. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, ఆ ఆకారంలో సాటా ఎస్ఎస్‌డీలూ వస్తాయి, ఎన్‌వీఎంఈ (సాటా కంటే స్పీడ్ రకం) ఎస్ఎస్‌డీలూ వస్తాయి. పిన్నుల దగ్గర రెండు గాడులు ఉంటే చాలావరకు సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ అని పైపైన గుర్తు పట్టొచ్చు, కానీ స్టిక్కర్ మీద రాసింది చదవడమే కరెక్టు. ఇప్పటి చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్లు ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి, పాత ల్యాప్‌టాప్ నుంచి పీకిన సాటా రకం పెడితే దిగుతుంది, స్క్రూ పడుతుంది, కనిపించదు అంతే, కాలేది ఏమీ లేదు. ఎస్ఎస్‌డీ మీద 2280 అని ఉంటే సైజు అన్నమాట, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. పెట్టేటప్పుడు అది ఏటవాలుగా పైకి లేచి నిలబడుతుంది, పాడైందనుకోకండి, కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. హీట్ సింక్ కింద ప్యాడ్ మీద ప్లాస్టిక్ పొర ఉంటే పీకండి, పదిమందిలో ముగ్గురు మర్చిపోతున్నారు.

క్యాబినెట్‌లో పెట్టకుండానే ఒకసారి ఆన్ చేసి చూడొచ్చా, బటన్ లేదు కదా?

చూడొచ్చు, నేనైతే ప్రతిసారీ అలాగే చేస్తా. అట్టపెట్టె మీద బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, 24 పిన్ను, ప్రాసెసర్ పవర్, మానిటర్, అంతే. పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులని స్క్రూ డ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపి వదిలెయ్యండి, బటన్ చేసేది కూడా అదే పని. పక్క పిన్నుకి తగలకుండా చూసుకోండి. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే డిస్‌ప్లే కోసం కార్డు కూడా పెట్టాల్సిందే.

క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్‌లు ఎన్ని బిగించాలి?

బోర్డుకి ఎన్ని కన్నాలుంటే అన్నే, ఆ కన్నాల కిందే. ఏటీఎక్స్ బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244, కాబట్టి పెద్ద బోర్డు తీసి చిన్నది పెట్టినప్పుడు కింద వరసలో పాత స్టాండాఫ్‌లు మిగిలిపోతాయి. అవి బోర్డు వెనక టంకానికి తగిలితే షార్ట్. ఇది కాలే రకం.

## పవర్ వైర్లు

24 పిన్ను ప్లగ్గు రెండు ముక్కలుగా ఉంది, విరిగిందా?

విరగలేదు, అలాగే వస్తుంది. మొదటి ఏటీఎక్స్ బోర్డులకి 20 పిన్నులే, 2003 తర్వాత 24 అయ్యాయి, రెండిటికీ పనికొచ్చేలా 20 ముక్క, 4 ముక్క విడిగా ఇస్తారు. రెండూ చేత్తో జత చేసి పట్టుకుని ఒకేసారి నొక్కాలి. క్లిప్పు బోర్డు కొక్కెం మీద పడాలి. ఇది చాలా టైట్‌గా ఉంటుంది, బోర్డు కొంచెం వంగుతున్నట్టు అనిపిస్తే కింద ఇంకో చెయ్యి పెట్టి ఆసరా ఇవ్వండి. సగం దిగినది కొన్నాళ్లు పనిచేసి తర్వాత వేడెక్కి ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారుతుంది.

ప్రాసెసర్ పవర్‌కి, గ్రాఫిక్ కార్డుకి రెండిటికీ 8 పిన్నులే, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ప్రాసెసర్‌ది 4+4గా విడుతుంది, గ్రాఫిక్ కార్డుది 6+2గా విడుతుంది, ఇదొక్కటి గుర్తుంటే చాలు. ప్లగ్గు మీద కూడా సీపీయూ అనో పీసీఐఈ అనో రాసి ఉంటుంది. రెండిట్లో 12 వోల్టులూ గ్రౌండూ ఉండే వరసలు తలకిందులు, అందుకే పిన్నుల ఆకారాలు వేరు చేసి దిగకుండా చేశారు. "కొంచెం టైట్‌గా ఉంది" అని బొటనవేలితో దించేశాడనుకోండి, 12 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కి షార్ట్. మంచి ఎస్ఎంపీఎస్ అయితే ఆన్ అవ్వకుండా ఆగిపోతుంది, చవకదైతే వాసన వస్తుంది.

ప్రాసెసర్ పవర్‌కి బోర్డు మీద 8, ఇంకో 4 ఉన్నాయి, నా ఎస్ఎంపీఎస్‌లో ఒక్క 8 పిన్నే ఉంది, సరిపోతుందా?

మామూలు వాడకానికి ఒక 8 చాలు, రెండోది ఖాళీగా వదిలెయ్యొచ్చు. పై రేంజ్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి (కంపెనీ పెట్టిన స్పీడ్ దాటించేవాళ్లకి) ఆ అదనపుది. బోర్డు 8 అడుగుతుంటే ఎస్ఎంపీఎస్‌లో 4 మాత్రమే ఉన్న పాత కేసుల్లో చిన్న ప్రాసెసర్ నడుస్తుంది కానీ పెద్దదానికి వద్దు, ఆ ఎస్ఎంపీఎస్ వయసే మార్చమని చెప్తోంది.

ఎస్ఎంపీఎస్ మార్చా, పాత కేబుళ్లు అలాగే ఉంచి డబ్బా మాత్రం మార్చుకోవచ్చా? ప్లగ్గులు సరిగ్గా దిగుతున్నాయి.

వద్దు. వద్దే వద్దు. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లో (డబ్బా నుంచి కేబుళ్లు ఊడొచ్చే రకం) బోర్డు వైపు చివరకి స్టాండర్డ్ ఉంది, డబ్బా వైపు చివరకి లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు అనేది ఒక్కో కంపెనీ ఇష్టం, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కీ మోడల్‌కీ మారొచ్చు. ప్లగ్గు దిగిందంటే ఆకారం కలిసిందని మాత్రమే. మా కజిన్ ఒకడు కేబుళ్లన్నీ నీట్‌గా టై వేసి ఉన్నాయని విప్పడానికి బద్ధకించి డబ్బా ఒక్కటే మార్చాడు, ఆన్ చేసిన సెకనులో రెండు హార్డ్ డిస్కులు పోయాయి, ఒకదాంట్లో వాడి చెల్లి పెళ్లి వీడియోలు ఉన్నాయి. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డిస్కు తట్టుకోదు. కొత్త డబ్బాతో వచ్చిన కేబుళ్లే వాడండి, పాతవి పాత డబ్బాతోనే కట్టి పెట్టండి లేదా పారెయ్యండి.

గ్రాఫిక్ కార్డుకి పవర్ వైరు ఎప్పుడు కావాలి?

స్లాటు నుంచే 75 వాట్ల దాకా వస్తుంది, అంతకి మించని చిన్న కార్డులకి వైరే ఉండదు. 6 పిన్ను ఇంకో 75, 8 పిన్ను 150 వాట్లు ఇస్తాయి. కార్డుకి రెండు 8లు ఉంటే ఒకే వైరుకి జడలా వేలాడే రెండు ప్లగ్గులు కాకుండా రెండు విడి వైర్లు పెట్టడం మంచిది. 16 పిన్నుల కొత్త ప్లగ్గు 600 వాట్ల దాకా మోస్తుంది, 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చినప్పుడు కరిగిపోయిన ప్లగ్గుల ఫొటోలు అందరూ చూసే ఉంటారు, పూర్తిగా దిగకపోవడం అందులో పెద్ద కారణంగా తేలింది. చివరిదాకా నొక్కండి, మధ్యలో సందు కనపడకూడదు, ప్లగ్గు మొదట్లోనే వైరుని మడిచి సైడు డోరు మూసెయ్యకండి.

ఎస్ఎంపీఎస్ పనిచేస్తుందో లేదో ఇంట్లో ఎలా చూడాలి?

అన్నీ పీకేసి, 24 పిన్ను ప్లగ్గులో ఆకుపచ్చ వైరునీ పక్కనున్న ఏదైనా నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపి ఆ తర్వాత స్విచ్ వెయ్యండి, ఫ్యాన్ తిరగాలి. వైర్లన్నీ నల్లగా ఉంటే అది 16వ పిన్ను, బొమ్మ చూసి పెట్టండి. తిరిగితే బతికి ఉందని మాత్రమే తెలుస్తుంది, లోడ్ మోస్తుందో లేదో దీంతో తెలీదు. కొన్ని మోడళ్లలో లోడ్ లేకపోతే ఫ్యాన్ తిరగదు కూడా.

## క్యాబినెట్ ముందు నుంచి వచ్చే వైర్లు

పవర్, రీసెట్, ఎల్ఈడీ సన్న వైర్లు ఏది ఎటు పెట్టాలి?

ఇదే అందరి భయం, ఇదే అన్నిటికంటే సేఫ్. రెండు వరసల్లో 9 పిన్నులు ఉంటాయి, ఒక మూల పిన్ను ఉండదు. ఎక్కువ బోర్డులు పాటించే పద్ధతి ఇది: పిన్ను లేని మూల కుడివైపు పై వరసలో వచ్చేలా బోర్డుని చూడండి, అప్పుడు పై వరసలో ఎడమ నుంచి మొదటి రెండూ పవర్ ఎల్ఈడీ, తర్వాతి రెండూ పవర్ బటన్. కింది వరసలో మొదటి రెండూ హార్డ్ డిస్క్ ఎల్ఈడీ, తర్వాతి రెండూ రీసెట్, చివరిది ఖాళీ. ఎల్ఈడీలకి ప్లస్ ఎడమవైపు. బటన్లకి ప్లస్ మైనస్ లేదు, ఎటు తిప్పి పెట్టినా ఓకే. ఎల్ఈడీ తిరగబడితే వెలగదు, తిప్పి పెట్టుకోండి. రంగు వైరు ప్లస్, తెలుపో నలుపో మైనస్ అనేది మామూలు అలవాటు. పవర్ ఎల్ఈడీ ప్లగ్గు మూడు కన్నాలతో వచ్చి పట్టకపోతే సూదితో ఒక వైరు బయటికి లాగి మధ్య కన్నంలోకి మార్చొచ్చు. అర్జెంటైతే పవర్ బటన్ ఒక్కటి పెట్టి పీసీ వాడేసుకోండి, మిగతావి ఆదివారం చూసుకోవచ్చు.

ముందు యూఎస్‌బీ వైర్లు రెండు రకాలున్నాయి, పెద్ద నీలం ప్లగ్గు దిగట్లేదు.

9 పిన్నుల చిన్నది యూఎస్‌బీ 2, ఒక్క హెడర్ రెండు పోర్టులకి సరిపోతుంది. లావుగా 19 పిన్నులున్నది యూఎస్‌బీ 3, దానికి ఒక పక్క ఉబ్బు ఉంటుంది, బోర్డు మీద గోడలో అదే చోట సందు ఉంటుంది, రెండూ కలవాలి. ఈ పిన్నులు బాగా సన్నవి, వంకరగా నొక్కితే ఒకటి మడిచిపోయి పక్కదానికి తగులుతుంది. నేరుగా పైనుంచి, మెల్లగా, రెండు వైపులా సమానంగా. వైరు కూడా మొద్దుగా ఉండి గుంజుతుంటుంది, అందుకే గ్రాఫిక్ కార్డు పెట్టకముందే ఇది పెట్టేసుకోవడం నయం.

యూఎస్‌బీ 3 ప్లగ్గు పీకుతుంటే బోర్డు మీద ఉన్న ప్లాస్టిక్ గోడ కూడా ఊడి వచ్చేసింది, ఇప్పుడెలా?

చాలామందికి అవుతుంది, కంగారు పడకండి. పిన్నులు నిటారుగానే ఉంటే ఆ ప్లాస్టిక్‌ని ప్లగ్గు నుంచి విడదీసి, సందు ఎటు ఉండేదో మాన్యువల్‌లో చూసి, మళ్లీ పిన్నుల మీద దించెయ్యండి. వంగిన పిన్ను ఉంటే సన్న ట్వీజర్‌తో ఒక్కసారే నిటారు చెయ్యండి, అటూ ఇటూ నాలుగుసార్లు వంచితే విరుగుతుంది.

క్యాబినెట్ ముందు టైప్ సి పోర్టు ఉంది, దాని ప్లగ్గుకి బోర్డు మీద చోటే లేదు.

దానికి వేరే చిన్న హెడర్ కావాలి, హెచ్‌డీఎంఐ కన్నంలా లోహపు చట్రంతో ఉంటుంది, చవక బోర్డుల్లో ఇవ్వరు. 19 పిన్నుల నుంచి దానికి మార్చే అడాప్టర్ దొరుకుతుంది, పనిచేస్తుంది కానీ స్పీడ్ 5 జీబీపీఎస్ మించదు, అప్పుడు మామూలు ముందు యూఎస్‌బీ 3 పోర్టులకి హెడర్ మిగలకపోవచ్చు. ఫోన్ చార్జింగ్ కోసమే అయితే వదిలెయ్యండి.

ముందు జాక్‌లో హెడ్‌ఫోన్ పెడితే సౌండ్ రావట్లేదు.

ఆడియో ప్లగ్గు బోర్డు కింద ఎడమ మూలకి వెళ్లాలి. యూఎస్‌బీ 2 హెడర్‌కి మూల పిన్ను ఉండదు, ఆడియోకి మూల పక్కన రెండోది ఉండదు, అలా గుర్తుపట్టాలి. పాత క్యాబినెట్ వైరుకి హెచ్‌డీ ఆడియో, ఏసీ97 అని రెండు ప్లగ్గులుంటే హెచ్‌డీ పెట్టండి. వైరు సరిగ్గానే ఉంటే విండోస్‌లో సౌండ్ అవుట్‌పుట్ మానిటర్ మీద ఉండిపోయి ఉంటుంది, సగం కేసులు అదే.

## ఫ్యాన్లు, లైట్లు

3 పిన్నుల ఫ్యాన్ 4 పిన్నుల హెడర్‌కి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, గాడి కలిసే వైపు దిగుతుంది, నాలుగో పిన్ను బయట ఖాళీగా ఉంటుంది. నాలుగోది స్పీడ్ ఆదేశాలు పంపేది. 3 పిన్నుల ఫ్యాన్ స్పీడ్ తగ్గాలంటే బయోస్‌లో ఆ హెడర్‌ని పీడబ్ల్యూఎం (నాలుగో పిన్ను ఆదేశాలతో స్పీడ్ మార్చే పద్ధతి) నుంచి డీసీకి (వోల్టేజీ తగ్గించి స్పీడ్ మార్చే పద్ధతి) మార్చండి, లేకపోతే ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో గోల చేస్తుంది.

ఆన్ చేస్తే "సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" అని వచ్చి ఎఫ్1 నొక్కమంటోంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఫ్యాన్ తిరుగుతోంది కానీ వేరే హెడర్ మీద. సీపీయూ ఫ్యాన్ అని రాసిన హెడర్ ఖాళీగా ఉంటే బోర్డు కూలర్ లేదనుకుంటుంది. ప్లగ్గు అక్కడికి మార్చండి. లిక్విడ్ కూలర్ అయితే పంపుది పంప్ హెడర్‌కీ, రేడియేటర్ ఫ్యాన్లవి సీపీయూ ఫ్యాన్‌కీ పెట్టి, బయోస్‌లో పంపుని ఎప్పుడూ ఫుల్‌లో ఉంచండి.

ఒక్క హెడర్‌కి స్ప్లిట్టర్ వేసి ఎన్ని ఫ్యాన్లు పెట్టొచ్చు?

ఎక్కువ హెడర్ల లిమిట్ 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు చూసి కూడుకోండి, 0.2 ఉన్నవి మూడు పెట్టినా దర్జాగా నడుస్తాయి. ఆరు పెట్టాలంటే ఎస్ఎంపీఎస్ నుంచి కరెంటు తీసుకునే హబ్ కొనండి.

ఆర్‌జీబీ, ఏఆర్‌జీబీ తేడా ఏంటి? రెండూ లైట్లే కదా?

ఇది కాలే రకం, నెమ్మదిగా చదవండి. ఆర్‌జీబీ హెడర్‌కి నాలుగు పిన్నులు వరసగా ఉంటాయి, 12 వోల్టులు, అన్ని బల్బులూ ఒకే రంగు. ఏఆర్‌జీబీకి మూడు పిన్నులు, మధ్యలో ఒకటి ఖాళీ, 5 వోల్టులు, ఒక్కో బల్బు ఒక్కో రంగు. 5 వోల్టుల స్ట్రిప్‌ని 12 వోల్టులకి పెడితే ఒక్క మెరుపు, ఇక అంతే. దిగకుండా ప్లగ్గులో ఒక కన్నం మూసి ఉంటుంది కానీ లోకల్ స్ప్లిట్టర్ కేబుళ్లకి ఆ మూత ఉండదు. బోర్డు మీద హెడర్ పక్కన 5వీ అనో 12వీ అనో చదివే పెట్టండి. లైటు కోసం బోర్డుని పణంగా పెట్టడం ఎందుకో నాకైతే అర్థం కాదు, కానీ అడిగేది అందరూ దీని గురించే.

## డిస్కులు

కొత్త ఎం.2 పెట్టాక పాత హార్డ్ డిస్క్ మాయమైంది.

పోలేదు. చాలా బోర్డుల్లో ఒక ఎం.2 స్లాటు, ఒకటో రెండో సాటా పోర్టులు ఒకే దారి పంచుకుంటాయి, ఎం.2 వాడగానే ఆ సాటా పోర్టులు ఆఫ్ అవుతాయి. ఏవి ఆఫ్ అవుతాయో మాన్యువల్‌లో చిన్న టేబుల్ ఉంటుంది. సాటా డేటా కేబుల్‌ని ఇంకో నంబరుకి మార్చి చూడండి, డేటా అలాగే ఉంటుంది.

సాటా పవర్ ప్లగ్గులు చాలట్లేదు, పాత మోలెక్స్ (నాలుగు పిన్నుల పెద్ద పవర్ ప్లగ్గు) నుంచి మార్చే వైరు కొనొచ్చా?

కొనొచ్చు, కానీ వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసినట్టు ఉండే చవక రకం వద్దు. లోపల తీగలు దగ్గరైపోయి షార్టై మంట పట్టిన కేసులు ఉన్నాయి. వైర్లు విడిగా గుచ్చి మూత నొక్కిన రకం తీసుకోండి.

## వెనక పోర్టులు

కొత్త గ్రాఫిక్ కార్డు పెట్టా, మానిటర్‌లో ఏమీ రావట్లేదు, లేదా గేమ్ స్పీడ్ పెరగలేదు.

మానిటర్ కేబుల్ ఇంకా బోర్డు హెచ్‌డీఎంఐకే ఉందేమో చూడండి. నిలువు వరసలో యూఎస్‌బీల మధ్య ఉన్నది బోర్డుది, కింద అడ్డంగా ఉన్నవి కార్డువి, కార్డుకే పెట్టాలి. బోర్డు హెచ్‌డీఎంఐ పనిచెయ్యాలంటే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కి లేదు, 5600జీకి ఉంది. పోర్టు బోర్డు మీద ఉంది కదా అని వాదించకండి, అది ఉత్త కన్నం.

యూఎస్‌బీ పోర్టులు నలుపు, నీలం, ఎరుపు ఎందుకు?

నలుపు ఎక్కువగా యూఎస్‌బీ 2, 480 ఎంబీపీఎస్. నీలం 5 జీబీపీఎస్. ఎరుపో ఆకుపచ్చ నీలమో అయితే తరచుగా 10. రంగులు తప్పనిసరి రూలు కాదు, పక్కన రాసిన అంకె నమ్మండి. కీబోర్డు, మౌస్, ప్రింటర్ నలుపులో పెట్టి, నీలం డిస్కులకి ఉంచుకోండి.

వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోంది, బ్యాటరీ కొత్తదే.

రిసీవర్ నీలం పోర్టులో ఉందా? యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో గోల వస్తుంది, మౌస్ వాడేదీ అదే. నల్ల పోర్టుకి మార్చండి, కుదిరితే ముందు వైపుకి. పక్కన ఎక్స్‌టర్నల్ డిస్క్ కాపీ అవుతుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఫైబర్ 200 ఎంబీపీఎస్ ప్లాన్, పీసీలో 95 దాటట్లేదు, ల్యాన్ పోర్టు పోయిందా?

దాదాపు ఖాయంగా కేబుల్. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నెట్ బిగించిన కుర్రాడు నాలుగే క్రింప్ చేసి ఉంటాడు, లేదా ఎనిమిదిలో ఒకటి తెగి ఉంటుంది. ప్లగ్గులోంచి రంగులు లెక్కపెట్టండి. ఉరుములు మెరుపుల రోజుల్లో ఆ కేబుల్ పీకి పెట్టడం మంచిది, పిడుగు దగ్గర్లో పడితే ముందు పోయేది ల్యాన్ పోర్టే.

వెనక రెండు బంగారు రంగు స్క్రూల్లాంటివి ఉన్నాయి.

వైఫై యాంటెన్నాలకి. బాక్స్‌లో ఉంటాయి, బిగించకపోతే రౌటర్ పక్క గదిలో ఉన్నా సిగ్నల్ ఒక్క గీతే. బ్లూటూత్ కూడా వాటి మీదే.

## ఆన్ చేశాక

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే రావట్లేదు.

బోర్డు కుడి అంచున సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి, ఏది వెలిగి ఆగిపోతే తేడా అక్కడ. డీర్యామ్ అయితే ఒక్క స్టిక్కుతో రెండో స్లాటులో చూడండి. కొత్త డీడీఆర్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, అప్పుడే పవర్ పీకెయ్యకండి. సీపీయూ లైటు అయితే 4+4 పవర్ మర్చిపోయారా చూడండి. లైట్లు లేని బోర్డుకి స్పీకర్ హెడర్‌లో చిన్న బీపర్ పెడితే బీపులు లెక్కపెట్టుకోవచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, బోర్డు షార్టా?

బోర్డు కాదు, మీ ఇంటి ఎర్తింగ్. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి అతి తక్కువ కరెంటు క్యాబినెట్‌కి వచ్చి ఎర్త్ వైరులో పోవాలి, ఎర్త్ లేకపోతే మీ చేతిలోంచి పోతుంది. మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ అయితే ముందది మార్చండి, తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించండి. ఇలా వదిలేసి హెచ్‌డీఎంఐ కేబుల్ పెడుతూ తీస్తూ ఉంటే ఒకరోజు టీవీ పోర్టో కార్డు పోర్టో పోతుంది.

బయోస్ రీసెట్ ఎలా? సెల్ తీస్తే చాలా?

పవర్ కేబుల్ పూర్తిగా పీకి, క్లియర్ సీమోస్ అనే రెండు పిన్నులని స్క్రూ డ్రైవర్‌తో పది సెకన్లు కలపండి. లేదా గుండ్రటి సీఆర్2032 సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగండి. ప్రతి ఉదయం టైమ్, తేదీ తప్పు చూపిస్తుంటే ఆ 3 వోల్టుల సెల్ అయిపోయిందని అర్థం, మెడికల్ షాపులో కూడా దొరుకుతుంది.

విండోస్ 11 టీపీఎం (సెక్యూరిటీ తాళాలు దాచే చిప్) అడుగుతోంది, బోర్డు మీద టీపీఎం హెడర్ ఖాళీగా ఉంది, చిప్ కొనాలా?

ముందు బయోస్ చూడండి. గత కొన్నేళ్ల ప్రాసెసర్లలో టీపీఎం 2.0 లోపలే ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో ఆఫ్‌లో పడి ఉంటుంది, ఆన్ చెయ్యండి.

## పాత బోర్డులు, షాపు పీసీలు

బిల్లింగ్ పీసీ మార్చాం, కాటాకి పెట్టే 9 పిన్నుల పోర్టు కొత్త బోర్డు వెనక లేదు.

బోర్డు మీద కామ్ అని రాసిన హెడర్ ఉందేమో వెతకండి, చాలా వాటికి ఇంకా ఇస్తున్నారు. దానికి బ్రాకెట్ వైరు కొని వెనక స్లాటులో బిగిస్తే పాత కాటా అలాగే నడుస్తుంది. కామ్ హెడర్ కూడా 9 పిన్నులే, యూఎస్‌బీ 2లాగా కనిపిస్తుంది, దాంట్లో యూఎస్‌బీ వైరు పెట్టకండి. హెడర్ లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్ మార్చే వైరు వాడొచ్చు, సాఫ్ట్‌వేర్‌లో కామ్ నంబరు మార్చుకోవాలి.

పాత బోర్డు మీద 1394 అని ఒక హెడర్ ఉంది, యూఎస్‌బీ ప్లగ్గు చక్కగా దిగింది.

తీసెయ్యండి, ఆన్ చెయ్యకముందే. అది ఫైర్‌వైర్, పాత వీడియో కెమెరాలకి. పిన్ను లేని మూల కూడా యూఎస్‌బీలాగే ఉంటుంది కానీ దాంట్లో 12 వోల్టులు వస్తాయి, ముందు పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టిన మరుక్షణం పోతుంది.